నాన్న నవ్విన చోటు

భుజాన తుపాకి, కాళ్ల కింద చీమల పుట్ట, ఎదురుగా కొండలాంటి సార్జెంటు. కదలవద్దని గట్టిగా చెప్పి సార్జెంటు అటు తిరుగుతాడు. చీమలు కార్టూను బాతు డోనాల్డ్ డక్ కాళ్ల మీదుగా పైకి పాకడం మొదలుపెడతాయి. ముందు ఒకటీ రెండూ, తరవాత వరస, ఆ తరవాత దండు. ముఖమంతా వంకర్లు పోతుంది కానీ ఒళ్లు మాత్రం పాతిన గుంజలా నిలబడే ఉంటుంది. ఆఖరికి ఓర్చుకోలేక గంతులు వేస్తాడు, చేతిలో తుపాకి పేలుతుంది.

ఆ గంతుల దగ్గర నేనూ తమ్ముడూ చాప మీద దొర్లి దొర్లి నవ్వేవాళ్లం. నాన్న అక్కడ నవ్వేవారు కాదు. అంతకు చాలా ముందే, ఒక్క చీమ కూడా ఎక్కకముందే, సార్జెంటు 'కదలకు' అని అటు తిరిగిన క్షణంలోనే ఆయనకు నవ్వు వచ్చేసేది. మేము నవ్వే సమయానికి ఆయన కళ్లు తుడుచుకుంటూ ఉండేవారు.

అది 1987 వేసవి. మాది పశ్చిమ గోదావరిలో ఒక పల్లె. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అని పిలుచుకునే ప్రాంతం మాది. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు అది. మా ఊరికి అంత పేరు లేదు కానీ మా వీధిలోనే ముగ్గురు మాజీ సైనికులు ఉండేవారు. మా నాన్న 1968లో చేరి, ఇ.ఎమ్.ఇ.లో 17 సంవత్సరాలు పనిచేసి, హవల్దారుగా దిగి వచ్చారు. ఇ.ఎమ్.ఇ. అంటే సైన్యంలో బండ్లు, తుపాకులు, యంత్రాలు మరమ్మతు చేసే విభాగం. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన వెంట వచ్చినవి తెల్ల రంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టె, బూడిద రంగు కంబళి, గోడ మీద చిన్న అద్దం ముందు తెల్లవారకముందే గడ్డం గీసుకునే అలవాటు. కబుర్లు మాత్రం ఏమీ రాలేదు. అడిగితే "ఏముందమ్మా, డ్యూటీ చేశాం" అనేవారు. 1971 యుద్ధంలో పఠాన్‌కోట్ వైపు ఒక వర్క్‌షాపులో ఉన్నారని మాకు తెలిసినది కూడా పక్కింటివాళ్ల ద్వారానే.

ఆ వేసవిలో మస్కట్‌లో పనిచేసే మా చిన్న మామయ్య సెలవుకు వస్తూ వీసీఆర్ తెచ్చాడు. వెంట ఒక సంచీ నిండా కేసెట్లు. వాటిలో ఒకదాని మీద పేరు లేదు, అట్ట లేదు. అక్కడెవరో టీవీలో వస్తుంటే పట్టి పెట్టినది. మధ్యలో అరబ్బీ అక్షరాలు కదిలిపోతూ కనిపించేవి. దాని నిండా డోనాల్డ్ డక్ బొమ్మలే. అందులో ఓ నాలుగు మిలటరీవి. ఆ నాలుగూ మా ఇంట్లో ఎన్నిసార్లు తిరిగాయో లెక్క లేదు. ఊళ్లో వోల్టేజి ఎప్పుడూ తక్కువే కనుక స్టెబిలైజరు గుయ్యిమంటూ ఉండేది. ఆ రొదలో డోనాల్డ్ మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. నిజానికి రొద లేకపోయినా అర్థం కావు, ఆ గొంతు తీరే అంత. ఇంగ్లీషు రాని మా అమ్మకూ, ఇంగ్లీషు మీడియం పిల్లలకూ, హిందీలో ఆజ్ఞలు విని పెరిగిన నాన్నకూ ఆ గొంతు సమానంగా అర్థమయ్యేది.

మొదటిసారి చీమల దగ్గర నాన్న నవ్వినప్పుడు ఎందుకని అడిగాను. బొమ్మ అయిపోయేదాకా జవాబు చెప్పలేదు. అయిపోయాక, టీవీ తెర మీద గీతలు కదులుతూ ఉండగా, మెల్లగా చెప్పారు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ట్రైనింగు. జూన్ ఎండ. కవాతు నేర్పే ఉస్తాద్ 'సావధాన్' అన్నాక ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కందిరీగ నాన్న చెవి తమ్మె మీద వాలిందట. కుట్టలేదు. అటూ ఇటూ నడిచిందంతే. "కుట్టి ఉంటే బాగుండేది, గొడవ వదిలిపోయేది. అది నడుస్తూనే ఉంది. ఉస్తాద్ నా ముందు నుంచే వెళ్లాడు, కందిరీగను చూశాడు, నన్నూ చూశాడు, వెళ్లిపోయాడు." ఎంతసేపు అని తమ్ముడు అడిగాడు. "కవాతు అయ్యేంతసేపు."

అప్పటిదాకా ఆయన నోటి నుంచి మిలటరీ గురించి మేము విన్న అతి పెద్ద కథ అదే.

ఆ బొమ్మ పేరు 'డోనాల్డ్ గెట్స్ డ్రాఫ్టెడ్' అనీ, 1942 మే నెలలో విడుదలైందనీ, పైన కొండలాగా కనిపించే ఆ సార్జెంటు పేరు పీట్ అనీ నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. అమెరికా యుద్ధంలోకి దిగి అప్పటికి అయిదు నెలలు. అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన వెంటనే సైన్యం వచ్చి బర్బాంక్‌లోని డిస్నీ స్టూడియోలో మకాం పెట్టింది, దాదాపు ఎనిమిది నెలలు అక్కడే ఉంది. మిక్కీ మౌస్ బొమ్మలు గీసే చోట లారీలు, మందుగుండు, వరసలు కట్టిన సిపాయిలు. ఆ చిత్రకారులు పొద్దున కిటికీలోంచి చూస్తే కనిపించేది కవాతే అయి ఉంటుందని నేను అనుకుంటాను. లేకపోతే భుజం మీద సంచి బరువుకు నడుము ఏ పక్కకు ఒరుగుతుందో, రెండు మైళ్ల తరవాత అడుగు ఎలా మారుతుందో అంత సరిగ్గా గీయడం ఊహతో అయ్యే పని కాదు.

ఆ బొమ్మ మొదట్లో డోనాల్డ్ గోడల మీద అందమైన పోస్టర్లు చూసి, విమానాలు నడపాలని ఉబలాటపడుతూ చేరడానికి వెళతాడు. డాక్టర్లు అతన్ని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నెట్టేసి క్షణాల్లో పరీక్ష ముగిస్తారు. అక్కడ నాన్నకు ఇంకో నవ్వు. తాను భర్తీకి వెళ్లిన రోజు బరువు చాలదేమోనన్న భయంతో దారిలో డజను చక్రకేళీలు తిని, పైన రెండు చెంబుల నీళ్లు తాగి తూకం ఎక్కారట. తూకం దాటింది. ఆ తరవాతే పరుగు పెట్టమన్నారు. "ఆ అరటిపళ్లు నాతో పాటు పరుగెత్తాయి" అని ఆయన అన్నప్పుడు అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయి పదమూడేళ్లయినా తనకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదని తరవాత రెండు రోజులు అంటూనే ఉంది.

అమ్మ నవ్వే చోటు వేరు. అసలు ఆమె నవ్వేది కాదు, ఒక దగ్గర విసుక్కునేది. ఆ బొమ్మ చివర డోనాల్డ్ శిక్షగా బంగాళదుంపల గుట్ట ముందు కూర్చుని తొక్క తీస్తుంటాడు. కత్తి నుంచి జారిన తొక్క కింద పడి అక్షరాలుగా మారుతుంది, మన 'ఛీ' లాంటి మాట ఒకటి. మేము ఆ అక్షరాలు చదివి చప్పట్లు కొడుతుంటే అమ్మ దృష్టంతా తొక్క మీదే. "అంత మందాన తొక్క తీస్తే దుంపలో ఏం మిగులుతుంది? వంట చేసేవాడు ఊరుకుంటాడా?" అని ప్రతిసారీ అనేది. నాన్న ప్రతిసారీ ఒకే జవాబు ఇచ్చేవారు: "ఊరుకోడు. లంగర్‌లో ఫటీగు పడితే మొదట చూసేది అదే." లంగర్ అంటే వాళ్ల వంటశాల, ఫటీగు అంటే చాకిరీ. వందల మందికి సరిపడా దుంపలు, ఉల్లిపాయలు, అంతెత్తు డేగిసాలు. తన చేతి వేళ్లకు ఉల్లి వాసన మూడు రోజులు వదల్లేదని చెప్పి, అప్పటి వాసన ఇంకా ఉందేమోనన్నట్టు వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ కదలిక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ నాలుగింటిలో నాకు ప్రాణం మాత్రం గుడారం బొమ్మ. 1943 నాటి 'ఫాల్ అవుట్, ఫాల్ ఇన్'. కథ అంటూ ఏమీ లేదు. డోనాల్డ్ నడుస్తాడు. ఎండలో నడుస్తాడు, వానలో నడుస్తాడు, చలిలో నడుస్తాడు, వీపు మీద సంచి తనకంటే పెద్దది. సాయంత్రానికి ఆగమంటారు. హమ్మయ్య అనుకునేలోపు, గుడారం వేసుకుంటే కానీ తిండి లేదంటారు. ఇక అక్కడి నుంచి రాత్రంతా ఒక గుడ్డకూ ఒక బాతుకూ కుస్తీ. ఒక మూల నిలబడితే రెండో మూల కూలుతుంది. కర్ర నిలిస్తే తాడు తెగుతుంది. తెల్లవారుతుండగా మళ్లీ బూర ఊదుతారు.

అది చూసిన మూడో సారో నాలుగో సారో నాన్న లేచి నిలబడి, "వీడు మేకులు తప్పు దిశలో కొడుతున్నాడు" అన్నారు. అంతటితో ఆగలేదు. వీసీఆర్ ఆపించి, దొడ్లోకి తీసుకెళ్లారు. పాత పంచె ఒకటి, పందిరికి వాడి పడేసిన రెండు వెదురు కర్రలు, కొబ్బరి తాడు, కొడవలితో చెక్కిన ఆరు సర్వీ పుల్లలు. ముందు గుప్పెడు దుమ్ము తీసి గాలిలోకి వదిలారు. అది ఎటు పోతుందో చూడమన్నారు. "గాలి ఎటు నుంచి వస్తోందో ఆ పక్క మేకు మొదట. మేకు నిలువుగా కాదు, గుడారానికి ఎదురు తిరిగినట్టు వాలుగా. తాడు బిగించేటప్పుడు లాగకు, తిప్పు." నేను తిప్పాను. పంచె ఒక్కసారిగా బిగుసుకుని డోలులా మోగింది. తమ్ముడు లోపల దూరి పడుకుని, తల బయట పెట్టి, బూర ఊదినట్టు నోటితో శబ్దం చేశాడు. నాన్న నడుము మీద చేతులు పెట్టుకుని ఆ మేకులను ఒక్కొక్కటే కాలి బొటనవేలితో తన్ని చూశారు. ఒక్కటీ కదల్లేదు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను మళ్లీ మా తమ్ముడికి ఇంజినీరింగ్ సీటు వచ్చిన రోజే చూశాను.

ఆ రాత్రి అందులోనే పడుకుంటామని మారాం చేశాం. పడుకున్నాం కూడా. అర్ధరాత్రి వాన పడింది. పంచె కనుక నీళ్లు కారాయి కానీ గుడారం కూలలేదు.

ఈ బొమ్మలు ఎందుకింత ఇష్టమో నాకు తెలియకుండానే పెరిగాను. తెలుగులో కానీ హిందీలో కానీ నేను చూసిన సైనికుల సినిమాల్లో సిపాయి ఎప్పుడూ కొండ మీద ఉంటాడు, జెండా చేతిలో ఉంటుంది, చివరి ఉత్తరం జేబులో ఉంటుంది. అవీ నిజమే, వాటికి నేను ఏడ్చాను కూడా. కానీ మా ఇంట్లో ఉన్న సైనికుడికి ఆ సినిమాల్లో చోటు లేదు. ఆయన 17 ఏళ్ల నౌకరీలో ఎక్కువ భాగం గ్రీజు, బోల్టులు, క్యూలు, సంతకాలు, పాలిష్ చేసిన బూట్లు, తెల్లవారుజాము ఈల. డోనాల్డ్ డక్ బొమ్మల్లో ఉన్నది సరిగ్గా అదే. అక్కడ శత్రువు చాలాసార్లు కనిపించనే కనిపించడు. ఉన్నది బొబ్బలెక్కిన పాదం, సరిపోని యూనిఫారం, ఆకలి, నిద్ర, పై అధికారి గొంతు. మనిషికి మర్యాద కాపాడుకోవడం ఎంత కష్టమో చూపించే హాస్యం అది. సైన్యాన్ని చిన్నబుచ్చే నవ్వు కాదు. ఆ కష్టం పడ్డవాడే ముందుగా నవ్వగల నవ్వు.

అదే కేసెట్లో 'ద వానిషింగ్ ప్రైవేట్' కూడా ఉండేది. ఫిరంగికి రంగు వేయమంటే డోనాల్డ్ రంగురంగుల చారలూ చుక్కలూ వేస్తాడు. కనిపించకుండా వేయరా అని సార్జెంటు అరిస్తే, ఎక్కడో ప్రయోగశాలలో నిజంగానే మాయం చేసే రంగు వెతికి తెచ్చి పూసేస్తాడు. ఆజ్ఞను అక్షరాలా పాటించడం వల్ల వచ్చిన ఉపద్రవం. బండ్లకు రంగు వేసిన అనుభవం ఉన్న నాన్నకు అది తీరని ముచ్చట. జనరల్ దొర వచ్చేసరికి సార్జెంటు గాలితో పోట్లాడుతూ కనిపిస్తాడు, పిచ్చివాడనుకుంటారు. "ఇన్‌స్పెక్షను రోజునే అన్నీ అలా అవుతాయి" అనేవారు నాన్న.

కేసెట్టు టేపు నలిగి, చిక్కుపడి, 1993 ప్రాంతంలో చచ్చిపోయింది. మేము చదువుల్లో పడ్డాం.

తమ్ముడు అమెరికా వెళ్లాక, డల్లాస్ నుంచి మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు రేకు డబ్బాలో పెట్టిన డిస్కుల సెట్టు ఒకటి తెచ్చాడు. యుద్ధకాలంలో డిస్నీ తీసిన చిత్రాలను కలిపి 2004లో వేసినది. అరబ్బీ అక్షరాలు లేకుండా, గీతలు లేకుండా, అసలు రంగుల్లో మా నాలుగు బొమ్మలూ అందులో ఉన్నాయి. వాటి పేర్లు, సంవత్సరాలు మొదటిసారి చదివాను. చాలావాటికి జాక్ కింగ్ దర్శకుడు. డోనాల్డ్ గొంతు క్లారెన్స్ నాష్‌ది. కొన్నింటి కథ అల్లినవాళ్లలో కార్ల్ బార్క్స్ ఉన్నాడు, తరవాత డోనాల్డ్ కామిక్ పుస్తకాలతో పిల్లల తరాలను పెంచినవాడు. ఆ సాయంత్రం నాన్న కొత్త ప్రింటు చూసి, "రంగు బాగుంది, కానీ ఆ గుయ్యిమనే శబ్దం లేదు" అన్నారు.

నేను మాత్రం అక్కడ ఆగలేకపోయాను. వెతుకుతూ వెతుకుతూ సిపాయి స్నాఫు దగ్గరికి చేరాను.

స్నాఫు సంగతి డోనాల్డ్‌కంటే చిత్రమైనది. 1943 నుంచి 1945 వరకు అమెరికా సైన్యం తన సిపాయిల కోసమే తీయించిన బొమ్మలు అవి. ఒక్కొక్కటీ నాలుగైదు నిమిషాలు, మొత్తం రెండు డజన్లకు పైగా. సినిమా హాళ్లలో మామూలు జనానికి వేయలేదు. శిబిరాల్లో సిపాయిలకు చూపించే వార్తా చిత్రంలో భాగంగా వచ్చేవి. సైన్యం కోసం చిత్రాలు తీసే ఆ విభాగాన్ని నడిపినది హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. రాసినవాళ్లలో థియొడోర్ గైసెల్ ఉన్నాడు, డాక్టర్ స్యూస్ అనే పేరుతో పిల్లల పుస్తకాలు రాసిన ఆయనే. తీసినది వార్నర్ బ్రదర్స్ సినిమా కంపెనీ వాళ్ల కార్టూను బృందం: చక్ జోన్స్, ఫ్రిజ్ ఫ్రెలెంగ్, ఫ్రాంక్ టాష్లిన్ లాంటివాళ్లు. కార్టూను కుందేలు బగ్స్ బన్నీకి గొంతు ఇచ్చిన మెల్ బ్లాంక్ స్నాఫుకీ గొంతు ఇచ్చాడు. స్నాఫు అనేది అసలు సిపాయిల మధ్య పుట్టిన పొట్టి మాట, 'పరిస్థితి మామూలే, అంతా అస్తవ్యస్తం' అని దాని సారాంశం. చేయకూడనిది ఏదైతే ఉందో అది చేసి చూపించడమే ఇతని ఉద్యోగం. రహస్యం చెప్పవద్దంటే చెబుతాడు, దోమతెర కట్టుకోమంటే కట్టుకోడు, పుకారు నమ్మవద్దంటే నమ్ముతాడు, తుపాకి శుభ్రం చేయమంటే వాయిదా వేస్తాడు. ఫలితం అనుభవిస్తాడు.

డెబ్బయ్యో ఏట నాన్నకు ఇవి టాబ్లెట్టులో చూపించాను. కళ్లజోడు సర్దుకుని మొదటి రెండూ నవ్వకుండా చూశారు. మూడోదానికి నవ్వు మొదలైంది. "ఇవి హాల్లో వేసేవారా?" అని అడిగారు. లేదు నాన్నా, సిపాయిలకు మాత్రమే అన్నాను. "అనుకున్నాను. బయటివాళ్లు ఉంటే ఇంత నిజం చెప్పరు." స్నాఫు పుట్టిన ఏడాది 1943 అని చెబితే ఆయన ముఖం వెలిగింది. భారత సైన్యంలో ఇ.ఎమ్.ఇ. పుట్టినదీ ఆ ఏడాదే. "అయితే వీడూ మా కోరూ తోటివాళ్లే" అన్నారు. కోరు అంటే ఆ విభాగమే. ఆ తరవాత స్నాఫును 'మావాడు' అనే పిలిచారు.

మలేరియా మీద తీసినవి ఆయనకు బాగా నచ్చాయి. ఒకదాంట్లో దోమ వేటగాడిలా పొంచి పొంచి స్నాఫు వెంట పడుతుంది. 1945లో తీసిన ఇంకోదాంట్లో, వయసు మళ్లిన ఆడ దోమ ఒకతె తన వైభవం ఎలా పోయిందో చెప్పుకుని విలపిస్తుంది. సిపాయిలు తెరలు కట్టుకోవడం నేర్చుకున్నారు, గుంటలు పూడ్చారు, మందు చల్లారు, ఇక నాకు బతుకేదీ అని. దోమ మాటల్లోనే జాగ్రత్తలన్నీ చెప్పించడం ఎంత తెలివైన పనో! చెవిలో జోరీగలా పోరి చెప్పే ఉపన్యాసం ఏ సిపాయి వింటాడు? ఇది చూసి నాన్న ఒక కబురు చెప్పారు. ట్రైనింగులో ఉండగా ఆదివారం బయటికి వదిలితే బేగంపేట వైపు వెళ్లేవారట. అక్కడ పాత భవనం ఒకటి చూపించి ఎవరో చెప్పారట, దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం ఇక్కడే బయటపడిందని. నిజమే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించినది సికింద్రాబాద్‌లోనే. ఆయనా సైనిక వైద్యుడే. హుసేన్ ఖాన్ అనే రోగి తనను దోమలతో కుట్టించుకున్నాడు, కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా పుచ్చుకున్నాడు. "మాకు ఊరికే కుట్టాయి" అన్నారు నాన్న. ఈ రోజుకీ దోమతెర అంచును పరుపు కిందికి ఆయన మడిచినట్టు మా ఇంట్లో ఎవరమూ మడవలేం. మూలల్లో వేలు పట్టే సందు కూడా ఉండదు.

ఈ బొమ్మల్లో చూడలేని భాగాలు కూడా ఉన్నాయి. జపాన్ వాళ్లను గీసిన తీరు అసహ్యంగా ఉంటుంది, పళ్లూ కళ్లజోడూ తప్ప మనిషిని గీయలేదు. యుద్ధం నాటి కోపం అని చెప్పుకున్నా నాకు మింగుడుపడదు. ఆడవాళ్లను గీసిన తీరు కూడా అంతే. అలాంటివి వచ్చినప్పుడు నేను ముందుకు జరిపేసేదాన్ని, నాన్న ఎందుకని అడిగేవారు కాదు.

ఒక బొమ్మ దగ్గర మాత్రం ముగ్గురమూ ఆగిపోయాం. ఇంటి మీద బెంగ గురించి 1943లో తీసినది. స్నాఫు ఎక్కడో మంచు దిబ్బల మధ్య గడ్డకట్టుకుపోతూ, ఇంటి దగ్గర అందరూ హాయిగా ఉన్నారని కుళ్లుకుంటాడు. నాన్న ఆటలాడుతుంటాడు, అమ్మ పేకాటలో ఉంటుంది, తాత షికార్లు తిరుగుతుంటాడు, ప్రియురాలు ఇంకెవడితోనో ఉంటుంది, నేనే ఇక్కడ చస్తున్నాను అని. అప్పుడు చుట్ట కాల్చే, గడ్డం గీసుకోని, రెక్కలున్న బుల్లి దేవత ఒకడు వచ్చి నిజం చూపిస్తాడు. తండ్రి ట్యాంకులు తయారుచేస్తున్నాడు, తల్లి కూరగాయల తోట దున్నుతోంది, తాత ఓడకు మేకులు దిగ్గొడుతున్నాడు, ఆ అమ్మాయి తానే సైన్యంలో చేరింది.

నాన్న "నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి" అన్నారు. పక్కన బియ్యం ఏరుతున్న అమ్మ తల ఎత్తలేదు. కొంచెంసేపటికి, "77 ఉప్పెనప్పుడు మన పశువుల పాక లేచిపోయింది" అంది. ఆ నవంబరులో దివిసీమను ముంచిన తుపాను గాలి మా వైపూ విరుచుకుపడింది. నాకప్పుడు ఏడాది. నాన్న కాశ్మీరులో. పాక కప్పు ఎగిరిపోయి, పాడి గేదె గోడ కింద పడి చచ్చిపోయిందట. అమ్మ నన్ను చంకన వేసుకుని, పక్కింటి డాబా మీద రెండు రాత్రులు ఉందట. మూడో రోజు ఇన్‌లాండు కవరు కొని, కేరాఫ్ 56 ఏపీఓ అని సైన్యం తపాలా చిరునామా రాసి, లోపల 'ఇక్కడ అందరం క్షేమం, మీరు దిగులు పెట్టుకోవద్దు' అని రాసిందట. గేదె సంగతి రాయలేదు.

"నాకు తెలుసు" అన్నారు నాన్న.

అమ్మ చేట పక్కన పెట్టింది. ఎలా తెలుసని అడిగింది. ఆయన చెప్పారు. ప్రతి ఉత్తరంలోనూ అమ్మ గేదె గురించి ఒక ముక్క రాసేదట, ఇన్ని పాలు ఇస్తోందనో, ఈనిందనో, దూడ పాకలోంచి తప్పించుకుందనో. ఆ ఉత్తరంలో ఆ ముక్క లేదు. తరవాతి దాంట్లోనూ లేదు. "నువ్వు రాయలేదు కాబట్టి నేను అడగలేదు. ఆ నెల మనియార్డరులో నలభై ఎక్కువ పంపాను."

"అది పండక్కి అనుకున్నాను" అంది అమ్మ.

టాబ్లెట్టులో స్నాఫు బొమ్మ అయిపోయి చాలాసేపు అయింది. ఎవరమూ రెండోది పెట్టలేదు. నలభై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్న మనుషుల మధ్య దాగిన సంగతిని, మనకు ఏ సంబంధమూ లేని దేశంలో, ఎప్పుడో ఎవరో గీసిన నాలుగు నిమిషాల బొమ్మ అలా పైకి తీసింది.

మొన్న సంక్రాంతికి తమ్ముడు కుటుంబంతో వచ్చాడు. వాడి కొడుక్కి ఏడేళ్లు. కనుమ నాడు మధ్యాహ్నం, గారెలు తిని అందరం హాల్లో వాలి ఉన్నప్పుడు, పాత రేకు డబ్బా తీసి చీమల బొమ్మ పెట్టాను. సార్జెంటు 'కదలకు' అని అటు తిరిగాడు. నేను తెర వైపు కాదు, నాన్న వైపు చూస్తున్నాను. ఆయన భుజాలు అప్పటికే కదులుతున్నాయి. చీమలు ఎక్కాయి. మనవడు నవ్వలేదు. నుదురు ముడిచి, "తాతా, అతను పక్కకు జరగవచ్చు కదా? ఎందుకు జరగడు?" అని అడిగాడు.

నాన్న బొమ్మ ఆపమన్నారు. కుర్చీ చేతుల మీద బరువు మోపి నెమ్మదిగా లేచారు. మోకాళ్లు టకటకమన్నాయి. మడమలు కలిపారు, పిడికిళ్లు పంచె అంచులకు ఆనించారు, గడ్డం ఎత్తారు. ఆ మనిషి ఒక్కసారిగా రెండంగుళాలు పొడుగు పెరిగినట్టు అనిపించింది. "ఇలా నిలబడు" అన్నారు. వాడు నిలబడ్డాడు, మడమలు కలిపి, చేతులు నిక్కర్లకు అతికించి.

"సావధాన్. ఇప్పుడు నీ ముక్కు మీద ఈగ వాలింది అనుకో."

వాడి కళ్లు రెండూ ముక్కు చివరకు చేరాయి. ముక్కుపుటాలు వణికాయి. పెదవులు బిగించాడు. వంటింట్లోంచి అమ్మ, "కాఫీ చల్లారిపోతోంది, ఏమండీ, వాణ్ణి వదలండి" అని కేకేసింది. నాన్న వినిపించనట్టే వాడి ముందు నుంచి రెండడుగులు నడిచి వెళ్లారు, ముక్కు వైపు చూశారు, వాడినీ చూశారు, మళ్లీ వెనక్కి వచ్చారు.

ఆయన 'విశ్రామ్' అనేవరకూ వాడు కదల్లేదు.